మొదట ఎవరు పంపారు?

తొమ్మిదో తరగతి గది గోడ మీద చార్టు అంటించి, ఎర్ర స్కెచ్ పెన్నుతో మూడు ప్రశ్నలు రాసిపెట్టింది పద్మలత మేడం. మొదట ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? ఏం చూసి చెప్పారు? ఫోన్లో ఏది వచ్చినా, పుస్తకంలో ఏది కనబడినా ఈ మూడూ అడగనిదే నమ్మొద్దని పిల్లల చేత రోజూ చెప్పించేది. మట్టెవాడలోని ఆ సర్కారు బడిలో ఆవిడ సోషల్ టీచరు. హనుమకొండలో మూడు రోజుల శిక్షణకు పోయి వచ్చాక కంప్యూటర్ గది తాళం కూడా ఆవిడ చేతికే వచ్చింది. అబ్బో, అప్పట్నుంచి ఆవిడ నడక చూడాలి! స్టాఫ్ రూములో ఎవరైనా ఫోన్ చూసి వింత వార్త చదివితే చాలు, "సోర్స్ ఏంది సార్?" అని అడిగి వాళ్ల నోరు మూయించేది.

అటువంటి మనిషి చేసిన నిర్వాకం ఇది.

ఒక ఆదివారం పొద్దున పిల్లలకు కొత్తరకం హోంవర్క్ ఇద్దామనుకుంది. తప్పుడు వార్త ఒకటి తనే తయారుచేసి పంపాలి, పిల్లలు మూడు ప్రశ్నలతో దాని గుట్టు విప్పాలి. ఆలోచన మంచిదే, కాదనను. ఇంటర్నెట్లో వెతికితే పప్పు బకెట్లో బల్లి పడిన పాత ఫొటో దొరికింది. దాని కింద "ఈ రోజు మన బడి మధ్యాహ్న భోజనంలో బల్లి!" అని తాటికాయలంత అక్షరాలతో రాసింది. ఏదో లేని ఊరి పేరు పెట్టొచ్చు కదా? పెట్టదు. మన బడి అంటేనే పిల్లలు హుషారుగా వెతుకుతారట! ఎనిమిదీ పదికి క్లాసు గ్రూపులో పెట్టింది. "ఇది నిజమో కాదో తేల్చండి" అని రెండో మెసేజ్ రాస్తుండగా అక్క దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. మాటల్లో ఐదు నిమిషాలు గడిచాయి.

గ్రూపులో ఉన్నవి పిల్లల ఫోన్లు కావన్న సంగతి ఆవిడకు ఆ పొద్దున గుర్తు రాలేదు. పిల్లలకు ఫోన్లెక్కడివి? అవన్నీ అమ్మలవీ నాన్నలవీ. ఫోన్ పెట్టేసి చూస్తే రమాకాంత్ అప్పటికే జవాబు రాశాడు: "చెప్పి మంచి పని చేసిన్రు మేడం." ఆయన సాయికిరణ్ అనే పిల్లవాడి తండ్రి, మట్టెవాడలో కిరాణా కొట్టు ఉంది. పద్మలతకు అప్పుడు తెలిసొచ్చింది. ఎవరెవరు చూశారో నొక్కి చూసింది. ఆయనొక్కడే. గబగబా డిలీట్ చేసింది. రమాకాంత్‌కు ఫోన్ చేసి చెబుదామా అనుకుంది కానీ, తల్లిదండ్రుల ముందు చులకనైపోతానని ఊరుకుంది. పోయింది, పీడా వదిలింది అనుకుంది.

ఎక్కడ వదిలింది? రమాకాంత్ మనసులో ఇంకోలా అర్థమైంది. మేడం పాపం పిల్లల మీద ప్రేమతో లోపలి సంగతి చెప్పింది, హెడ్మాస్టరుకు భయపడి తీసేసింది అనుకున్నాడు. మేడం పేరు బయటపెట్టకుండా, "బడి లోపలి మనిషే చెప్పిన్రు" అని ఒక ముక్క జోడించి, తన ఫోన్లో అప్పటికే దిగి ఉన్న ఫొటోను కొట్టు గిరాకీల గ్రూపులోకి తోసేశాడు. ఆదివారం నాడు బడి పొయ్యి వెలగదని ఒక్కరికైనా తట్టలేదు. ఫొటో సోమవారం దాకా చేతులు మారుతూనే ఉంది, "ఈ రోజు" అన్న మాట సోమవారానికి కూడా చక్కగా సరిపోయింది.

సోమవారం మధ్యాహ్నం గేటు దగ్గర జనం. వంటగదిలో కట్టమ్మ అన్నం వారుస్తోంది. పదకొండేళ్లుగా ఆ బడి పిల్లలకు వండి పెడుతున్న మనిషి. మగడు పోయాక స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఊరు విడిచి, బిడ్డను చదివించుకోవాలని మట్టెవాడలో చిన్న గది తీసుకుని ఉంటోంది. జనం ఆమె చేతిలో గరిటె లాగేశారు. ఒకామె పప్పు గిన్నె కాలితో తన్నింది.

"పిల్లల్ని సంపుతవానె?"

"నేనేం జేసిన అవ్వా? జర సూడున్రి, పప్పుల ఏమున్నది? నేను తింట, మీ ముందల్నే తింట!" అని కట్టమ్మ కింద పడ్డ పప్పు చేత్తో ఎత్తి నోట్లో పెట్టుకుంది. అందరూ చూశారు. ఒక్కరూ ఆగలేదు.

పద్మలత మేడ మీద వరండాలోంచి చూసింది. ఇప్పుడే దిగి చెప్పేద్దామని రెండు మెట్లు దిగింది కూడా. మూడో మెట్టు మీద ఆగిపోయింది. జనం చేతుల్లోని ఫోన్లు ఈసారి తన వైపు తిరుగుతాయన్న భయం ఆవిడను అక్కడే కట్టేసింది.

హెడ్మాస్టరు రాజేశ్వర్ రావు కట్టమ్మను ఆ పూటే పనిలోంచి ఆపేశాడు. సాయంత్రం పద్మలత ఆయన గదికి వెళ్లింది, చెబుదామనే. తలుపు తీయగానే ఆయనే నవ్వుతూ చెప్పాడు. "మేడం, మీకు శుభవార్త. జిల్లా టీచర్లందరికీ ట్రైనింగ్ ఇయ్యడానికి మిమ్మల్నే తీసుకున్నరు. మన బడి పేరు నిలబెట్టాలె." నోటి దాకా వచ్చిన మాట మళ్లీ లోపలికి పోయింది. రేపు చెబుతాలే అనుకుంది.

మర్నాడు కట్టమ్మ కూతురు సుకన్య ఆవిడ దగ్గరికి వచ్చింది. అదే తొమ్మిదో తరగతి. తల్లిది బటన్ల ఫోను కాబట్టి ఆ పిల్ల గ్రూపులో లేదు. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది.

"మేడం, ఈసారి ప్రాజెక్టుకు నేను గా ఫొటో తీస్కుంట. మూడు ప్రశ్నలు అడుగుత. మొదలు ఎవరు పంపిన్రో దొరకవట్టుకుంట."

వద్దని ఏ నోటితో అంటుంది? "చెయ్, మంచిదే," అంది పద్మలత. పిల్ల వల్ల ఏమవుతుందిలే అని లోపల ధైర్యం చెప్పుకుంది.

ఏమవుతుందో చూడండి. కంప్యూటర్ గదిలో గంట కూర్చుని, మేడం నేర్పిన పద్ధతిలోనే, ఆ ఫొటో మూడేళ్ల కిందటిదని, వేరే రాష్ట్రానిదని సుకన్య తేల్చింది. ఆ కాగితం పట్టుకుని హెడ్మాస్టరు దగ్గరికి పోతే ఆయన తల పట్టుకున్నాడు. "పాతదే అనుకో బిడ్డా. కానీ వాళ్లందరు 'బడి లోపలి మనిషే చెప్పిన్రు' అంటాన్రు. ఆ మనిషి ఎవరో తేలితేనే వాళ్ల నోర్లు మూతపడ్తయ్. శనివారం బడి కమిటీ మీటింగ్ ఉన్నది. పేరు తే, మీ అమ్మను తెల్లారే తీస్కుంట."

ఒక్క పేరు చాలు. ఆ పేరు దొరక్కపోతే తల్లీబిడ్డలు మళ్లీ ఊరికి పోవాలి, పత్తి ఏరాలి. సుకన్య చదువు అక్కడితో సరి.

మూడు సాయంత్రాలు ఆ పిల్ల ఇల్లిల్లూ తిరిగింది. తల్లిని తిట్టిన వాళ్ల గుమ్మాల్లోనే నిలబడి, "మీకు ఎవరు పంపిన్రు అక్కా? ఎన్ని గంటలకు? జర ఫోన్ సూపియ్యరా?" అని అడిగింది. కొందరు మొహాన తలుపేశారు. కొందరు చూపించారు. ప్రతి పేరూ, ప్రతి నిమిషమూ నోట్‌బుక్‌లో రాసుకుంది. చార్టు మీద నిచ్చెనలా గళ్లు గీసి, పై నుంచి కిందికి ఒక్కొక్క పేరు నింపుకుంటూ వచ్చింది. శుక్రవారం సాయంత్రం బడి వదిలాక ఆ చార్టు తెచ్చి పద్మలత బల్ల మీద పరిచింది. అట్టడుగు గడి ఖాళీగా ఉంది. దాని పైన రమాకాంత్ పేరు, ఆదివారం, ఎనిమిదీ ఇరవై.

"ఆయన మీ పేరు చెప్పిండు మేడం," అంది సుకన్య నెమ్మదిగా. "నేను నమ్మలే. ఒక్కలు చెప్తే రుజువు కాదని మీరే చెప్పిన్రు గద. కానీ ఆయన ఫోన్ల, మన క్లాసు గ్రూపుల, ఎనిమిదీ పదికి మీ మెసేజ్ ఒకటి డిలీట్ అయి ఉన్నది. అందుల ఏమున్నదో కనవడ్తలేదు. అదేందో మీరు చెప్తే గీ గడి నింపుత."

ఆ పిల్ల కళ్లలో అనుమానం లేదు. నమ్మకమే ఉంది. అదే పద్మలతకు భరించరానిదైంది. చెప్పెయ్యి, చెప్పెయ్యి అని మనసు కొట్టుకుంది. సోమవారం హనుమకొండలో హాలు నిండా టీచర్లు కూర్చుంటారన్నదీ అప్పుడే గుర్తొచ్చింది.

"అదా?" అంది. "బడి టైమింగ్స్ మెసేజ్. తప్పు పడితే తీసేసిన."

సుకన్య ఆవిడ మొహం వైపు ఒకసారి చూసింది. తర్వాత నోట్‌బుక్ తెరిచి, పెన్ను తీసి, ఒక్కొక్క అక్షరం పైకి చదువుతూ రాసుకుంది. "ఎవరు చెప్పారు: పద్మలత మేడం. ఎప్పుడు: శుక్రవారం, నాలుగున్నర. ఏం చూసి చెప్పారు..." అక్కడ ఆగింది. ఆ ఒక్కటీ రాయకుండా పుస్తకం మూసింది.

శనివారం కమిటీలో హెడ్మాస్టరు చార్టు చూసి, "ఏం మేడం, ఇది నమ్మొచ్చా?" అని పద్మలతనే అడిగాడు. ఇంకెవరిని అడుగుతాడు, ఆ విద్య తెలిసింది ఆవిడకే కదా! "పిల్ల బాగా కష్టపడ్డది సార్. కానీ మొదటి మూలం తేలలేదు," అంది ఆవిడ. మేడమే ఆ మాట అన్నాక రమాకాంత్‌ను పిలిచి అడగాలని ఎవరికీ తోచలేదు. కట్టమ్మ స్థానంలో ఇంకొకామెను పెట్టుకున్నారు. సుకన్య ప్రాజెక్టుకు పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి. అడుగు గడి ఖాళీగా ఉన్నందుకు ఒకటి తగ్గించింది మేడం. ఆ చార్టు బాగుందని, హనుమకొండలో చూపిస్తానని తన దగ్గరే ఉంచుకుంది.

ఆ మధ్యాహ్నమే తల్లీబిడ్డలు టీసీ కోసం వచ్చారు. కట్టమ్మ ఒక సంచి నిండా సీతాఫలాలు తెచ్చి పద్మలత బల్ల మీద పెట్టింది. పద్మలత లేవబోయేలోగా వంగి ఆవిడ కాళ్లు పట్టుకుంది.

"ఊరు ఊరంత నన్ను దొంగను జూసినట్టు జూసిన్రు మేడం. మీరొక్కలే నా బిడ్డ మాట ఇన్నరు. మీ కడుపు సల్లగుండ."

పద్మలత సుకన్య వైపు చూసింది. ఇప్పుడు చెబుతుంది, తల్లి ముందే చెప్పేస్తుంది అనుకుంది. ఎంత సిగ్గుచేటో చూడండి, ఆ క్షణంలో కూడా ఆవిడ భయం తన గురించే.

సుకన్య తల్లి భుజం పట్టి లేపి, టీసీ మడిచి సంచిలో పెట్టుకుంది. తల్లి గుమ్మం దాటాక వెనక్కి తిరిగింది.

"ఫికర్ వద్దు మేడం. మా అమ్మకు గూడ చెప్పలే. రుజువు లేంది ఎవ్వలకు చెప్పొద్దని మీరే నేర్పిన్రు."

సోమవారం హనుమకొండ హాల్లో పద్మలత మూడు ప్రశ్నలూ బోర్డు మీద రాసింది. సుకన్య చార్టు విప్పి గోడకు తగిలించింది. తొమ్మిదో తరగతి పిల్ల ఇంత పని చేసిందా అని టీచర్లంతా చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న ఓంప్రకాశ్ సార్ కళ్లజోడు సర్దుకుని అట్టడుగుకు వేలు చూపించాడు.

"ఆ కింది గడి ఖాళీగున్నదేంది మేడం? మొదలు పంపింది ఎవరో దొరకలేదా?"

"దొరకలేదు సార్," అంది పద్మలత. ఆ సార్ తల ఊపి ఆ మాట తన నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.