బావ దవడ మీద బీరువా

పొద్దున్నే ఆవిడ మొగుడి గడ్డం కింద తువ్వాలు పెట్టి, మొహం పక్కకి తిప్పుకుని, గొట్టంతో జావ పోసేది. పగలంతా బ్యూటీ పార్లర్లో ఎవరెవరి మొహాలో కడిగి, పైపెదవి మీద నూగు లాగే మనిషి, ఇంటికొస్తే కట్టుకున్నవాడి నోట్లోకి చూడలేకపోయేది. చూడటానికి అక్కడేమైనా బాగుంటే కదా! పుండు తినేసిన కింది దవడ తీసేసి, భుజం వెనక రెక్క ఎముకలోంచి ముక్క కోసి, పైనున్న కండా చర్మంతో సహా తెచ్చి డాక్టర్లు అక్కడ అమర్చారు. ఆ చర్మం వీపు మీద అలవాటు మానలేదు. నోట్లో వెంట్రుకలు మొలిపించింది. వాటికి జావ అంటుకుని, చొంగలో నాని, ఒకటే కంపు.

ఎముకా పాత అలవాటు మానలేదు. ఆయన మార్కెట్లో బస్తాలు మోసే మనిషి. ఇప్పుడు నోరు మూతపడక వేలాడేసుకుని కూర్చున్నాడు. అలా తెరుచుకున్న నోటి ఎదురుగా ఎవరు ఏది ఎత్తినా, దాని బరువు పోయి ఆ దవడలో కూర్చునేది. ఆవిడ గ్యాస్ సిలిండర్ ఎత్తితే ఖాళీ బుట్టలా లేచింది, ఆయన దవడ కిర్రుమంది. ఎవరూ వింతగా చూడలేదు. భుజం ఎముక మొయ్యక ఏం చేస్తుందన్నారు.

వింత లేకపోతే పోయె, సిగ్గుండక్కర్లేదూ? పక్కింటి టీచరమ్మ నీళ్ల డ్రమ్ము జరపాలంటే, "అన్నయ్యగారిని కాస్త గుమ్మంలో కూర్చోబెట్టమ్మా" అనేది. పై వాటావాళ్లు సోఫా దింపుకున్నారు. పని కాగానే ముక్కు మూసుకుని వెళ్లిపోయేవాళ్లు. థూ, ఏం మనుషులో.

"ఎముక ఇంకా అతుక్కోలేదు, మరమేకుల మీద నిలబడుంది. విరిగిందా, రెండో భుజం కూడా కొయ్యాలి" అని డాక్టరు మరీ మరీ చెప్పాడు. వద్దనడానికి ఆయనకి మాట లేదు. మాట ఉన్న ఆవిడేమో నోరెత్తలేదు. ఎవరో ఒకరు ఆయన్ని తీసుకెళ్తే కాసేపు ఆ మొహం చూడక్కర్లేదని లోపల హాయిగానే ఉండేది.

ఒక ఆదివారం ఆవిడ తమ్ముడు వచ్చాడు. ఇల్లు మారుతున్నాట్ట.

"బావని తీసుకెళ్తానక్కా. ఇంట్లో మనిషుండగా కూలీలెందుకు?"

"డాక్టరు వద్దన్నాడురా."

"కుర్చీలో కూర్చోడమేగా. అదీ కష్టమేనా?"

ఆవిడ తువ్వాలు పట్టుకుని వెంట వెళ్లింది.

మేడ మీంచి దింపాల్సింది ఇనప బీరువా. లోపలి గిన్నెలూ బట్టలూ కూడా తియ్యలేదు ఆ ఘనుడు. మెట్ల పైన కుర్చీలో బావ. బీరువా పైకొస పట్టుకుని తమ్ముడి స్నేహితుడొకడు, కిందికొస పట్టుకుని తమ్ముడు.

"చిటికెన వేలు చాల్రా" అని తమ్ముడు పకపకా నవ్వాడు.

దవడ మొదట కిర్రుమంది, తర్వాత టక్కుమంది. చొంగ ఎర్రబడింది. ఆయన కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. ఆ కళ్లు ఆవిడనే చూస్తున్నాయి.

"అక్కా, ఆ మూతి తుడువు. మెట్ల మీద పడితే జారి చస్తాం" అన్నాడు తమ్ముడు.

అప్పుడు ఆవిడకి అసహ్యమేసింది, ఒళ్లంతా జలదరించేటంత. ఆయన నోటి మీద కాదు.

తువ్వాలు పక్కన పారేసి మొదటిసారి ఆ నోట్లోకి చూసింది. వెంట్రుకలు, విరిగిన జావ, నెత్తురు, చిగురు చీల్చుకుని బయటికొస్తున్న మరమేకు. ఒట్టి చెయ్యి ఆయన గడ్డం కింద పెట్టి మెల్లగా పైకెత్తింది. పెదవులు కలిశాయి. నోరు మూతపడేసరికి ఆయన దవడలోంచి బరువు దిగిపోయి తిన్నగా బీరువాలోకి వెళ్లిపోయింది.

స్నేహితుడు చేతులొదిలి పైకి గెంతాడు. బీరువా జారి తమ్ముణ్ణి గోడకి అదిమేసింది. అతని భుజం ఒక్కటే దాన్ని ఆపుతోంది.

"అక్కా... బావని... నోరు తెరవమను."

వేళ్ల సందుల్లోంచి వెచ్చగా చొంగ కారి ఆవిడ మోచేతి దాకా వచ్చింది.

"నీకు రెండు భుజాలున్నాయి కదరా" అంది. చెయ్యి తియ్యలేదు.