ఏరిన చెయ్యి

గరిటె ఆపకూడదు. ఆపితే అడుగంటుతుంది, అడుగంటితే మేతకు మాడు వాసన పడుతుంది, వాసన పడితే ఈగలు గుడ్లు పెట్టవు. ఇరవై ఆరేళ్ళుగా ఆమెకు తెలిసిన వంటశాస్త్రం ఇంతే. పెద్ద గిన్నెలో మొక్కజొన్న పిండి, పంచదార, ఈస్టు కలిసి ఉడుకుతున్నాయి. బుడగ ఒకటి పగిలి మణికట్టు మీద చుక్క పడింది. ఆమె చెయ్యి తీయలేదు. పాత మచ్చల పక్కన ఇంకొకటి చేరుతుంది, అంతే.

ఉదయం ఆరున్నర. జీవశాస్త్ర విభాగం మూడో అంతస్తులో అప్పటికి ఆమె ఒక్కతే ఉంది. మెట్లెక్కుతూ ఇవాళ మూడుచోట్ల ఆగాల్సి వచ్చింది. ఎడమ భుజం లాగుతోంది. నిన్న ఆవిరి పాత్ర మూత ఎత్తినప్పుడు పట్టేసి ఉంటుందనుకుంది.

మేత చిక్కబడగానే పొయ్యి కట్టేసి, సన్నమూతి జగ్గుతో వేలెడు పొడవున్న గాజు గొట్టాల్లోకి వంచింది. ఒక్కో దాంట్లో రెండు వేళ్ళ మందం. ఒక్క చుక్క ఒలకలేదు. పైన పల్చటి గుడ్డ కప్పింది. చల్లారేసరికి గడ్డకట్టి, పైభాగం అద్దంలా నున్నగా తేలుతుంది. అలా తేలిన మేతను చూడటం ఆమెకు ఇష్టం. ఎవరితోనూ అనలేదు. చెప్పుకునేంత మాటా కాదు.

అందరూ ఆమెను సీసాలమ్మ అంటారు. హాజరు పట్టీలో వేరే పేరుంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఎవర్నో అని ఆమే వెనక్కి తిరిగి చూస్తుంది. పొట్టి మనిషి. కడిగే తొట్టి ఎత్తుకు సరిపోక కాళ్ళ కింద చెక్క వేసుకుంటుంది. కళ్ళజోడు ఒక పక్క విరిగితే తెల్లదారం చుట్టి కట్టింది. పొద్దస్తమానం సబ్బునీళ్ళలో నాని వేళ్ళ కొసలు నున్నగా అరిగిపోయాయి. కిందటేడు గుమ్మంలో పెట్టిన వేలిముద్రల యంత్రం ఆమెను గుర్తుపట్టదు. రోజూ మూడు నాలుగుసార్లు వేలు పెట్టి, చివరికి పుస్తకంలో సంతకం చేసి వస్తుంది.

"నేనొచ్చానని నాకు తెలుసు, నీకు తెలుసు. దానికి తెలియకపోతే నేనేం చెయ్యను?" అంటుంది కాపలాదారుతో.

"బయట పనిలేనివాళ్ళు ఈగలు తోలుకుంటారు. ఇక్కడ ఈగలు తోలుకోడానికి పరీక్ష రాసి మరీ వస్తారు. ఇంక నీ వేలు గుర్తుపట్టకపోవడం ఒక వింతా!" అంటాడతను.

అతను అన్నది వేసవి పిల్లల గురించి. ప్రతి వేసవిలో పదివారాలపాటు ఎనిమిదిమంది వస్తారు. డిగ్రీ చదివేవాళ్ళు కొందరు, రేపు బడిలో పాఠం చెప్పబోయేవాళ్ళు కొందరు. పుస్తకంలో బొమ్మగా చూసినదాన్ని ఇక్కడ చేత్తో పట్టి చూస్తారు. మొదటివారం ఈగలన్నీ గదిలోకి వదిలేస్తారు. ఆఖరివారం అందరి ముందూ నిలబడి, తాము కనుక్కున్నది చెప్పి, పని పూర్తిచేసినట్టు కాగితం పుచ్చుకుని పోతారు. తర్వాత వాళ్ళ సీసాలు ఆమె తొట్టిలోకి వస్తాయి.

ఈసారి వచ్చినవాళ్ళలో ఒకమ్మాయికి ఆమె టీచరమ్మ అని పేరు పెట్టింది. డిగ్రీ మధ్యలో పెళ్ళయింది, కడుపొచ్చింది, చదువాగింది. ఇప్పుడు పదిహేను నెలల కూతురిని అత్తగారి దగ్గర వదిలి వస్తోంది. ఈ వేసవి కాగితం తెస్తే ఆఖరి ఏడాదిలో కూర్చోనిస్తామని కాలేజీవాళ్ళు అన్నారు. ఆ తర్వాత బడి పంతులు చదువు. అన్నీ ఆ కాగితం వెనకే ఉన్నాయి.

ఆ అమ్మాయి తెల్లకళ్ళ ఈగల మీద పనిచేస్తోంది. తల్లి కళ్ళు తెల్లగా, తండ్రి కళ్ళు ఎర్రగా ఉంటే కొడుకులకు ఎవరి రంగు వస్తుందన్నది ప్రశ్న. దానికి ఇంకా మగ ఈగ తాకని ఆడ ఈగలు కావాలి. గూడు చీల్చుకుని బయటికొచ్చిన ఎనిమిది గంటల్లోపే వాటిని వేరు చెయ్యాలి. ఒక్కటి తప్పుగా కలిసినా, నాలుగు రోజులకు మేతలో పురుగులు తిరిగి ఆ గొట్టం పనికిరాకుండా పోతుంది. మొదటిసారి అలాగే పోయింది. రెండోసారి బూజు పట్టింది. ఇంక మూడువారాలే మిగిలాయి. చేతిలో ఉన్నది ఒక్క సీసా. రేపటికి అందులో గూళ్ళన్నీ ఖాళీ అయిపోతాయి.

టీచరమ్మ సరిగ్గా ఏడింటికి వచ్చి, సీసాలో ఉన్న పెద్ద ఈగలన్నిటినీ దులిపేసింది. ఇక మూడింటిలోపు పుట్టినవి కొత్తవి.

"మొహం అలా ఉందేం?" అంది సీసాలమ్మ.

"రాత్రి పాప ఒళ్ళు వెచ్చబడింది పిన్నీ. పళ్ళొస్తున్నాయేమో అని మా అత్తయ్య అంటున్నారు."

"పళ్ళొస్తే ఒళ్ళు కాస్త వెచ్చబడుతుంది. చూసుకో."

ఎనిమిదింటికి ఫోను మోగింది. టీచరమ్మ విని లేచింది. సంచి తీసుకుంది, మళ్ళీ కింద పెట్టింది, సీసా వైపు చూసింది.

"వెళ్ళు," అంది సీసాలమ్మ.

"మూడింటికల్లా..."

"వెళ్ళమన్నానా. ఈగలెక్కడికీ పోవు."

అమ్మాయి మెట్లు దిగుతున్న చప్పుడు ఆగిపోయేదాకా ఆమె కొళాయి తిప్పలేదు.

ఒకప్పుడు ఆమె తన కూతురిని సీసాలొచ్చే అట్టపెట్టెలో పడుకోబెట్టుకుని, ఈ తొట్టి పక్కనే పనిచేసింది. పిల్లకు మూడో ఏట, ఇలాంటి ఒక వేసవిలో జ్వరమొచ్చింది. ఆ రోజు రెండువందల సీసాలున్నాయి. ఇవి అయ్యాక వెళ్ళమన్నారు. అయ్యాకే వెళ్ళింది. పిల్ల బతికింది గానీ ఎడమ చెవి వినపడకుండా పోయింది. ఆ సీసాలు ఎవరివో, వాటితో ఎవరు ఏం కనుక్కున్నారో ఆమె ఎన్నడూ అడగలేదు.

మధ్యాహ్నం కూతురు ఫోను చేసింది. బట్టలు కుట్టే చోట అన్నానికి వదిలే వేళ అది.

"తిన్నావా అమ్మా?"

"తిన్నానే."

"ఆగు, ఈ చెవికి పెట్టుకుంటా. ఆఁ, ఇప్పుడు చెప్పు. తిన్నావా?"

"తిన్నానన్నాగా."

"నీ మాట ఆ ఈగలు నమ్ముతాయేమో. నేను నమ్మను. డబ్బా తెరువు, మూత చప్పుడు వినిపించు."

ఆమె నవ్వి డబ్బా మూత తీసి ఫోను దగ్గర కొట్టింది. రెండు ముద్దలు తినేసరికి గుండెల మీద ఏదో బరువు పెట్టినట్టయింది. నీళ్ళు తాగి మూత పెట్టేసింది.

ఒకటిన్నరకు ఫోనులో టీచరమ్మ గొంతు వినపడింది. "పిన్నీ, నూటమూడు ఉంది. ఆసుపత్రిలో సాయంత్రం దాకా ఉండమన్నారు. నేను రాలేను. ఆ సీసా పారేయండి."

"పిల్ల కళ్ళు తెరుస్తోందా?"

"తెరుస్తోంది. తడిగుడ్డ వేస్తున్నాం."

"అయితే ఫోను పెట్టెయ్. గుడ్డ ఆరిపోతుంది."

విభాగం నడిపే పెద్ద మేడమ్ మీటింగులో ఉంది. ఫోను ఎత్తలేదు. మిగతా పిల్లలు నీటిపురుగులు పట్టడానికి చెరువుకు వెళ్ళారు. ఆమె సీసాను కిటికీ వెలుగుకు ఎత్తి చూసింది. కొత్త ఈగలు గోడకు అంటుకుని, ముడత విప్పని రెక్కలతో కదలకుండా ఉన్నాయి.

మైక్రోస్కోపు ముట్టుకోవడం ఆమె పని కాదు. చేరిన ఏడాది ఒకసారి తుడుస్తూ కన్ను ఆనిస్తే, "చూసి నువ్వేం చెప్తావమ్మా?" అని వెనక నుంచి ఒకాయన నవ్వాడు. కోపంగా అని ఉంటే మర్చిపోయేది. ఆ తర్వాత ఎప్పుడూ కన్ను ఆనించలేదు. కానీ ఏటా ఎనిమిదిమందికి ఎవరో ఒకరు నేర్పుతూనే ఉన్నారు, ఆమె పక్కనే తుడుస్తూనే ఉంది.

రెండుంపావుకు ఐసుముక్కల పళ్ళెం మీద గాజుపలక పెట్టి, సీసాను ఐసులో దించింది. చలికి ఈగలు స్పృహ తప్పాయి. వాటిని పలక మీదికి వంచి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కన్ను ఆనించింది.

మొదట మబ్బు. మర తిప్పింది. ఒక్కసారిగా అంతా దగ్గరకొచ్చింది. తెల్లటి కళ్ళు, ఒళ్ళంతా సన్నటి వెంట్రుకలు. కొత్తగా పుట్టినవాటి ఒళ్ళు పాలిపోయి ఉంది. పొట్ట పల్చటి చర్మం లోంచి ఒక నల్లచుక్క కనిపిస్తోంది. పురుగుగా ఉన్నప్పుడు తిన్న ఆఖరి ముద్ద అది. ఆ చుక్క ఉన్నంతసేపు దాన్ని ఎవరూ తాకనట్టే. మూడు వెంట్రుకల కుంచెతో ఒక్కొక్కదాన్నీ జరిపింది. పొట్ట కొస నల్లగా మొద్దుగా ఉంటే మగది, అవతలికి. మొనదేరి చారలుంటే ఆడది, చుక్క ఉందా? ఉంది. ఇటు. రెండు ఈగలకు చుక్క ఉందో లేదో తేలలేదు. వాటిని మగవాటిలోకి నెట్టింది.

చెమట మెడ మీదుగా కారింది.

పంతొమ్మిది తేలాయి. పొద్దున పోసిన గొట్టాలు రెండు తీసి వాటిలోకి దులిపి, దూది పెట్టి, ఈగలు లేచేదాకా మేతకు అంటుకోకుండా గొట్టాలను పడుకోబెట్టింది. గడియారం చూసింది. మూడుకు పది.

టీచరమ్మ నోటుపుస్తకం బల్ల మీదే ఉంది. తేదీ, వేళ, ఎన్ని, ఎవరు ఏరారు. ఆ ఆఖరి గడిలో పైనుంచి కిందికి ఒక్క సంతకమే ఉంది. ఎనిమిదో తరగతిలో బడి మానిన చేత్తో ఆమె తేదీ రాసింది, వేళ రాసింది, పంతొమ్మిది అని రాసింది. కలం ఆగింది. ఆ గడి ఖాళీగా వదిలేస్తే ఎవరికీ తెలియదు. నిజం రాస్తే పెద్ద మేడమ్ గొట్టాలు పారేయొచ్చు. రెండేళ్ళ కిందట ఒకరు ఏరింది ఇంకొకరు రాసుకున్నందుకు మేడమ్ పుస్తకాన్ని నిలువునా చింపడం ఆమె చూసింది.

పిల్ల మంచం పక్కన తడిగుడ్డ పిండుతున్న అమ్మాయి కళ్ళముందు కదిలింది. తిరిగొచ్చి ఈ గడిలో ఏం రాస్తుంది? ఎప్పుడో బడిలో పిల్లల ముందు నిలబడి, ఈ వేసవి సంగతి ఎలా చెబుతుంది?

'టీచరమ్మ కాదు. సీసాలు కడిగే ఆమె' అని రాసింది. గడి చాలక ఆఖరి అక్షరాలు గీత దాటాయి.

ఆ రెండు ముక్కలే చిన్న కాగితాల మీద రాసి గొట్టాలకు అంటించింది. తర్వాత గాజుపలక కడిగింది, కుంచె ఆరబెట్టింది, తొట్టి పక్క స్టూలు మీద కూర్చుంది. నాలుగున్నరకు కాపలాదారు తలుపులు వెయ్యడానికి వచ్చినప్పుడు కూర్చునే ఉంది. కొళాయి సన్నగా కారుతోంది. "నీళ్ళు పోతున్నాయి సీసాలమ్మా," అన్నాడు. ముందు కొళాయి కట్టేసి, అప్పుడు ఆమె మొహం చూశాడు.

సీసాలమ్మ పోయిన మూడోనాడు టీచరమ్మ వచ్చింది. పాపకు జ్వరం దిగింది. పెద్ద మేడమ్ నోటుపుస్తకం తెరిచి నిలబడి ఉంది. ఆ గడి మీద వేలు పెట్టి అడిగింది.

"నువ్వు చెప్పావా ఏరమని?"

"లేదండి. పారేయమన్నాను."

మేడమ్ పుస్తకం మూసింది. "రేపటిదాకా ఆగుదాం. పురుగు తిరిగితే పారేయ్. తిరక్కపోతే వీటితోనే పని మొదలుపెట్టు. ఈ గడి మాత్రం ఇలాగే ఉండాలి. ఆఖరిరోజు అందరి ముందూ ఇలాగే చదవాలి."

ఆ సాయంత్రం కూతురు వచ్చి డబ్బా, కళ్ళజోడు పట్టుకెళ్ళింది. ఎవరేం చెప్పినా కుడిచెవి వాళ్ళవైపు తిప్పి వింది. డబ్బా మూత తీసి, మిగిలిన అన్నం చూసి, మళ్ళీ పెట్టేసింది.

మర్నాడు పొద్దున టీచరమ్మ రెండు గొట్టాలనూ కిటికీ వెలుగుకు ఎత్తింది. పంతొమ్మిది ఈగలు పైకీ కిందికీ నడుస్తున్నాయి. వంకర అక్షరాల కాగితం కింద, గాజు అడుగున మేత, సీసాలమ్మ పోసిన రోజు ఎలా చల్లారిందో అలాగే, పురుగు తిరిగిన గీత ఒక్కటైనా పడకుండా నున్నగా ఉంది.