పేరు రాయని వార్త

నా భయాలన్నిటిలో పెద్దది ఇది: నా నోటి నుంచి జారిన ఒక పేరు వల్ల బాలమ్మకు ఏదైనా అయిందేమోనని. పాప ఒళ్ళు వెచ్చబడితే భయపడతాను. రైలు ఆలస్యమైతే భయపడతాను. తాళం వేశానో లేదోనని సగం దారి నుంచి వెనక్కి వచ్చిన రోజులూ ఉన్నాయి. అవన్నీ వచ్చి పోయే భయాలు. ఇది ఇరవై రోజులుగా పోవడం లేదు.

మాది ఫలక్‌నుమా. మా ఆయన డానియేలుది రైలు పట్టాల పని. నేను తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాను, అమ్మ మంచాన పడితే. అయినా తెలుగు, ఉర్దూ రెండూ గడగడా చదువుతాను. ఉర్దూ పక్కింటి పిల్లల దగ్గర కూర్చుని నేర్చుకున్నదే. ఆ చదువే నాకు పని చూపించింది. బేగంపేటలో భరద్వాజ్ గారిది పీఆర్ ఆఫీసు. కంపెనీల గురించి పేపర్లలో మంచి మాటలు వచ్చేలా చూడడం, చెడ్డవి వస్తే వెంటనే వాళ్ళ చెవిన వేసి సర్దుబాటు చేయడం అక్కడి పని. ఏ పేపర్లో ఏం వచ్చిందో చూసి పెట్టేది నేను. తెల్లవారుజామున నాలుగున్నరకు ఏజెంటు పదకొండు పేపర్లు మా గడపలో పడేస్తాడు. పాప లేచేలోపు అన్నీ చదవాలి, మా కంపెనీల వార్తలు కత్తిరించి తెల్ల కాగితాలకు అంటించాలి, పక్కన పేపరు పేరు, తేదీ, పేజీ రాయాలి, ఆ ఫైలు పట్టుకుని రైలుకు పరిగెత్తాలి. ఆదివారం కూడా సెలవు లేదు. వార్తలకు ఆదివారం లేదు కదా.

"పొద్దుగాల ప్రార్థన జేసుకునే యాళ్లకు కత్తెర వడతవేందే కోడలా," అంటుంది మా అత్త. "దేవుడు నీకు కూడ గొన్ని ముక్కలు గోసి పంపుతడు జూడు."

ఈ జూన్‌లో భరద్వాజ్ గారికి సాఫ్ట్‌వేర్ కొనాలన్న ఆలోచన వచ్చింది. ఊళ్ళో పెద్ద పీఆర్ ఆఫీసులన్నీ కొనేశాయట. మూడు కంపెనీలు వచ్చి చూపించాయి. ఒకదానికి తెలుగే రాదు. ఇంకొకటి టీవీ తప్ప పేపరు చూడదు. మూడోది బెంగళూరుది. అక్కడ మనుషులు కూర్చుని దేశంలోని పేపర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తారు. మనం ఏ పేర్లు ఇస్తే ఆ పేర్లున్న వార్తలన్నీ ఎనిమిది కొట్టేసరికి మన తెరమీద వరసగా వచ్చి నిలబడతాయి.

"వారం రోజులు ఇదీ, మున్నీ, ఇద్దరూ పని చెయ్యండి," అన్నారు భరద్వాజ్ గారు. "శుక్రవారం చూసి తేల్చేద్దాం."

ఆఫీసులో క్లయింట్ల పని చూసే వంశీధర్ నన్ను ఆట పట్టించాడు. "మున్నీ గారూ, కత్తెరకి సాన పట్టించారా? అవతలివాడు నిద్రపోడు, టీ తాగడు, పాపకి పాలు పట్టడు."

"కరెంటు పోతే ఏం జేస్తడు మీవోడు?" అన్నాను.

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. బుధవారానికి అది ముప్పై ఎనిమిది వార్తలు పట్టింది. నేను ఇరవై రెండు. ఢిల్లీ, ముంబయి పేపర్లు నా గడపలోకి ఎక్కడి నుంచి వస్తాయి? ఆ సాయంత్రం అన్నం సయించలేదు.

"పోతే పోనియ్ మున్నీ, ఇంకో పని దొర్కుతది," అన్నాడు డానియేలు.

"యాడ దొర్కుతది? తొమ్మిది గూడ పాసుగాని దానికి కుర్సీల కూసునే పని ఎవలిస్తరు? మల్ల నీలోఫర్ దవాఖానల పాపను జూపియ్యాలంటే ఎవల్ని అడగాలె?"

పాపకు పుట్టినప్పటి నుంచి ఆయాసం. ఈ పని వచ్చాకే మందులు ఆగకుండా నడుస్తున్నాయి.

గురువారం రైలు దిగి వస్తుంటే మా గల్లీ బాలమ్మ మెట్టు మీద తడిగుడ్డ మొహానికి పెట్టుకుని కూర్చుంది. జహనుమాలో ఐస్ ఫ్యాక్టరీలో కూలీ ఆమె. కళ్ళు నిప్పుల్లా ఉన్నాయి.

"ఏమైందక్కా?"

"గ్యాసు లీకైంది మున్నీ. ముగ్గురం లోపల్నే ఉన్నం. తలుపుకు బయటికెల్లి తాళమేసిన్రు, సరుకు దొంగతనం గావొద్దని. ఊపిరాడక సచ్చిపోతమనుకున్న. వాచ్‌మెన్ రాయితోని కొట్టి తీసిండు." దగ్గు ఆగాక గొంతు తగ్గించింది. "పేపరాయన వచ్చిండు. తాళం సంగతి చెప్పిన. నా పేరు రాయకన్నా అని దండం వెట్టిన. నువ్వు గూడ ఎవలకు చెప్పకు, పని వోతది."

"నేనెందుకు చెప్తనక్కా," అన్నాను. దవాఖానకు పొమ్మన్నాను. రేపు పోతానంది.

మరునాడు శుక్రవారం. ఒక పేపరు సిటీ పేజీలో, అడుగున, నాలుగు వరుసలు. 'జహనుమా సమీపంలోని ఓ ప్రైవేటు ఐస్ ఫ్యాక్టరీలో అమోనియా లీకై ముగ్గురు కూలీలు అస్వస్థతకు గురయ్యారు. తలుపులకు బయటి నుంచి తాళం వేసి ఉందని ఓ మహిళా కూలీ తెలిపింది.' ఫ్యాక్టరీ పేరు లేదు. ఆమె పేరూ లేదు. మన పేపర్లు ఇలాంటివి ఇలాగే రాస్తాయి. ఓ ప్రైవేటు పాఠశాల, ఓ కార్పొరేట్ ఆసుపత్రి. చుట్టుపక్కల వాళ్ళకు తెలుస్తుంది, తక్కినవాళ్ళకు అక్కర్లేదు.

ఆ ఫ్యాక్టరీ మా క్లయింటుదే. పేర్లు మాత్రమే వెతికే సాఫ్ట్‌వేర్ దీన్ని పట్టలేదని నాకు రైల్లోనే తెలుసు. అది సంతోషమో భయమో చెప్పలేను.

బెంగళూరు వాళ్ళు ఇద్దరూ టైలు కట్టుకుని కూర్చున్నారు. "ఇవాళ నెగెటివ్ నిల్ సార్, చెడ్డ వార్త ఒక్కటీ లేదు," అన్నాడు వంశీధర్. నేను నా కాగితం బల్లమీద పెట్టాను.

భరద్వాజ్ గారు రెండుసార్లు చదివారు. "మనవాళ్ళ పేరెక్కడుందమ్మా ఇందులో?"

"పేరు రాయరు సార్. జహనుమాల ఐస్ ఫ్యాక్టరీ ఒక్కటే ఉన్నది. అది మనదే."

టై కట్టుకున్నాయన నవ్వాడు. "గెస్ చేస్తోంది సార్. ఇలాంటి గెస్‌లతో క్లయింట్‌కి ఫోన్ చేస్తే బాగోదు."

"అంత గ్యారంటీగా ఎలా చెప్తున్నావు?" అన్నారు భరద్వాజ్ గారు.

నేను అక్కడే పుట్టి పెరిగాను సార్ అంటే సరిపోయేది. ఇప్పటికీ ఆ మాటే నోట్లో తిప్పుకుంటూ ఉంటాను. అప్పుడు మాత్రం ఆ నవ్వు ఒకటే కనిపించింది.

"గెస్ గాదు సార్. గా తాళం మాట చెప్పింది మా గల్లీ బాలమ్మ. నిన్న నాతోని గూడ చెప్పింది."

ఆయన పెన్ను తీశారు. "బాలమ్మ. ఇంటిపేరు?"

"తెల్వది సార్. మైసయ్య ఇంట్ల కిరాయికుంటది."

అడగకపోయినా ఇల్లు కూడా చెప్పాను. ఆయన రాసుకుని, ఫోను పట్టుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. అరగంట తరువాత బయటికి వచ్చి బెంగళూరు వాళ్ళతో, ఇంగ్లీషు పేపర్ల వరకు మీది తీసుకుంటాం, తెలుగు, ఉర్దూ మా అమ్మాయే చూస్తుంది అన్నారు. "శభాష్ మున్నీ గారూ," అన్నాడు వంశీధర్. ఆ సాయంత్రం రైల్లో నాకు కూర్చోవడానికి చోటు కూడా దొరికింది. పాపను ఎత్తుకుని ఇల్లంతా తిరిగాను.

శనివారం పదకొండు పేపర్లూ వెతికాను. ఆ వార్త తరువాయి ఎక్కడా లేదు. ఆదివారమూ లేదు. సోమవారం బాలమ్మ గదికి తాళం. ఇంటాయన మైసయ్య అరుగుమీద బీడీ కాలుస్తున్నాడు.

"బాలమ్మ యాడికి వోయింది బాపు?"

"శనివారం కార్ల ఇద్దరొచ్చిన్రు. సీదా పేరు వెట్టి అడిగిన్రు బిడ్డా. లోపల కూసొని మాట్లాడిన్రు. పొద్దుగూకంగ ఆటోల సామాను ఏసుకొని ఎల్లిపోయింది. అక్క కాడికంట, గుడిమల్కాపూర్. మార్కెట్ల కొత్తిమీర అమ్ముతదంట అక్క."

"దగ్గు తగ్గిందా?"

"యాడ తగ్గింది? ఆటో ఎక్కేటందుకే రెండుసార్లు కూసున్నది."

బెదిరించారో, మంచిమాటే చెప్పారో, దవాఖానలో చూపించారో నాకు తెలియదు. వంశీధర్‌ను అడిగాను. "సెటిలైందట. మనకెందుకండీ?" అన్నాడు. తరువాత ఏమనుకున్నాడో, ఎవరూ లేనప్పుడు ఆమె పేరు ఆ సాఫ్ట్‌వేర్‌లో వేసి చూశాడు. ఏమీ రాలేదు. తెలుగు పేపర్లు నేనూ చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు కంపెనీల వార్తల కన్నా ముందు దవాఖాన వార్తలు చదువుతున్నాను, గుర్తు తెలియని మహిళ అని కనబడితే వయసు చూసేదాకా ఊపిరి బిగబట్టుకుంటున్నాను. బాలమ్మకు ముప్పై అయిదు ఉంటాయి.

గుడిమల్కాపూర్‌కు ఒకసారి వెళ్ళాను, ఆఫీసులో చెప్పి మధ్యాహ్నం. అప్పటికి ఆకుకూరల వాళ్ళు ఎప్పుడో లేచిపోయారు. వాడిన ఆకులు, ఊడ్చేవాళ్ళు, అంతే. వాళ్ళు వచ్చేది తెల్లవారుజామున. ఆ వేళకు నా ముందు పదకొండు పేపర్లు ఉంటాయి. ఒక్కరోజు మానితే ఆ చోట బెంగళూరు వాళ్ళు కూర్చుంటారు. ఇది నా పిరికితనమే. కాదనను.

అందుకని ఇది చదివిన మీలో ఎవరైనా పొద్దున్నే గుడిమల్కాపూర్‌కు కూరగాయలకు వెళ్ళేవాళ్ళుంటే, కొత్తిమీర, పుదీనా పోసుకుని కూర్చునే ఆడవాళ్ళను అడగండి, ఫలక్‌నుమా నుంచి వచ్చిన బాలమ్మ ఉందా అని. పొడుగ్గా ఉంటుంది, ఎడమ చేతికి తేలు పచ్చబొట్టు. ఎందుకని అడిగితే మున్నీ పంపిందని చెప్పండి, తిట్టినా పరవాలేదు. ఊపిరి సరిగ్గా ఆడుతోందా, దవాఖానకు పోయిందా, ఆ రెండూ అడిగి చూడండి.