బియ్యం డబ్బాలో వెంకటరమణుడు

మాకు వీసా ఇచ్చి తెచ్చుకున్న కువైటీ యజమాని, అదే మా కఫీల్, కుటుంబంతో సహా లండన్‌లో ఎండాకాలం గడుపుతుండగా ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. రిగ్గైలోని ఆయన ఇంటికి డ్రైవరైన నేనూ, వంట చేసే నా భార్య రెడ్డెమ్మా కాపలాకు మిగిలాం. పేరుకే డ్రైవర్ని. కారునూ టీవీనీ మొదటి వారమే సైనికులు పట్టుకుపోయారు. పోతే పోయాయి, ఇంత పెద్ద ఇంట్లో ఇద్దరమే దొరల్లా ఉండొచ్చని నేను మురిసిపోతుంటే, రూబెన్ సార్ వచ్చి తలుపు కొట్టాడు.

ఆయన మా కఫీల్ స్నేహితుడు, అహ్మదిలో ఆయిల్ ఇంజినీరు. పుట్టింది బొంబాయిలో కాబట్టి రంగు మనదే, హిందీ మనకన్నా మేలు. పాస్‌పోర్టు మాత్రం బ్రిటిష్‌ది. అలాంటి వాళ్ళను సైనికులు పట్టుకుపోతున్నారు, దాచిన వాళ్ళను కాల్చేస్తామంటున్నారు. అది చాలదన్నట్టు తాను యూదుణ్ణని కూడా ఆయనే చెప్పాడు. దొరికితే ముగ్గురమూ పోతాం. పొమ్మందామని నేను నోరు తెరిచేలోపే రెడ్డెమ్మ ఆయనకు కంచం పెట్టేసింది.

రెండో రోజు వంటింట్లో వెంకటరమణ స్వామి పటానికి అగరొత్తులు వెలిగిస్తూ అడిగింది. ఆమె తెలుగును నేను హిందీలోకి మార్చేవాణ్ణి.

"మీ దేవుని పటం యాడుందన్నా?"

"మా దేవుడికి రూపం లేదమ్మా. బొమ్మ చెయ్యకూడదు."

"పేరన్నా చెప్పు."

"ఉంది. పలకకూడదు."

"పేరు చెప్పకుండా, ఫోటో ల్యాకుండా, ఆ దేవునికి ఇఖామా ఎవురిచ్చినారప్పా!"

ఇది ఎలా చెప్పాలిరా భగవంతుడా అని నేను నసుగుతుంటే, ఇఖామా, అంటే పేరూ ఫోటో ఉండే మా నివాస కార్డు, అన్న ముక్క పట్టుకుని ఆయనే పడీపడీ నవ్వాడు.

నాకు ఆ దేవుడి మీద కాస్త గురి కుదిరింది మాత్రం ఆయన తిట్లు విన్నాకే. పొద్దున్నే గోడకేసి తిరిగి, మాట తప్పిన బావమరిదిని నిలదీసినట్టు చేతులు తిప్పుతూ మరాఠీలో గొడవ పెట్టుకునేవాడు. దేవుణ్ణి తిట్టొచ్చా సార్ అని అడిగితే, "నమ్మాను కాబట్టే తగువు. నమ్మనివాడికి ఆయనతో పనేముంది?" అన్నాడు.

ఫ్రీజర్లో రొయ్యలు మిగిలాయి. అవి యూదులు తినకూడదట. "ప్రాణం నిలుపుకోవడానికి మా దేవుడు దాదాపు అన్నిటికీ ఒప్పుకుంటాడు" అంటూ మళ్ళీ వడ్డించుకున్నాడు.

"ఆ యేళ్ళు నాక్కునేది గూడా ప్రాణం నిలుపుకునేదానికేనా?" అంది రెడ్డెమ్మ.

ఆ 'దాదాపు' దగ్గరే కొంప మునిగింది. పక్క వీధిలో సోదాలు మొదలయ్యాయని తెలిసి నేనొక ఉపాయం చెప్పాను. సార్ లుంగీ కట్టుకుని, వంటవాడు గంగులయ్యనని చెప్పుకుని, స్వామి పటానికి దండం పెడుతూ కూర్చోవాలి. కంగారుపడితే ఆయన నోట ఇంగ్లీషే వస్తుంది; పూజలో ఉన్నవాణ్ణయితే ఎవరూ పలకరించరు. లుంగీకి ఒప్పుకున్నాడు. గంగులయ్యకూ ఒప్పుకున్నాడు. దండం మాత్రం పెట్టనన్నాడు.

"మూడు పనులు ప్రాణం పోతున్నా చెయ్యకూడదు పుల్లయ్యా. హత్య, పరాయి ఆడదానితో తప్పు, విగ్రహానికి మొక్కడం."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ ప్రాణం నీ ఇష్టం సార్! నా పెండ్లాం ప్రాణం గూడా ఉందీడ!"

ఆయన తల దించుకున్నాడు. అయితే నేనే వెళ్ళిపోతానంటూ చెప్పులు వెతుక్కోసాగాడు. నిజంగానే పోయేలా ఉన్నాడు. అంత కోపంలోనూ నాకు ఏడుపొచ్చింది.

రెడ్డెమ్మ పటం దించి, వెనకున్న మేకులు ఊడదీసి, స్వామిని బయటికి తీసి, రవికగుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో పెట్టింది. ఖాళీ పటాన్ని మళ్ళీ గోడకు తగిలించింది.

"ఇంగ ఈడ ఎవురూ లేరు. నువ్వు మొక్కనూ వద్దు. రోజూ తిడతాండావు గదా, ఆ పక్కకు తిరిగి తిట్టుకో."

మర్నాడే ఒక ఆఫీసరు ఇద్దరు సైనికులతో వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. లోపల గంగులయ్య ఖాళీ పటం ముందు కూర్చుని దేవుణ్ణి మరాఠీలో కడిగిపారేస్తున్నాడు.

"వంటవాడు. ప్రార్థన చేసుకుంటున్నాడు" అన్నాను అరబ్బీలో.

ఆఫీసరు పటం వంక చూశాడు. వాడు తెలివైనవాడు, నా ఖర్మ. "మీ పటాల్లో దేవుడుంటాడుగా. ఇందులో ఏడీ?"



రెడ్డెమ్మ చీపురుతో ముందుకొచ్చింది. వంటింట్లో నేర్చిన అరబ్బీలో, "నీ మనుషులే ఎత్తుకుపోయారు!" అని అరిచింది. "కారు ఖలాస్. టీవీ ఖలాస్. దేవుడు కూడా ఖలాస్!"

ఆఫీసరు మొహం మాడిపోయింది. వెనకున్న ఇద్దరి వైపు తిరిగి, "దేవుణ్ణి కూడా వదల్లేదా!" అని తిట్టుకుంటూ బయటికి నడిచాడు. తమకేమీ తెలియదని ఒట్లు పెట్టుకుంటూ వాళ్ళూ వెనకాలే పోయారు.

గేటు చప్పుడయ్యాక రెడ్డెమ్మ బియ్యం డబ్బా తెరిచి, లెంపలేసుకుని, మళ్ళీ మూత పెట్టింది.

"బయటికి తియ్యవా?" అన్నాను.

"తియ్యను. మళ్ళా వస్తారు. మన సామికి మొగముంది, పట్టుకుపోతారు. అన్నోళ్ళ దేవునికి ఆ భయం ల్యా."

అది హిందీలో చెప్పేసరికి రూబెన్ సార్ లేచాడు. పటానికి వంగనన్న మనిషి నడుం వంచి రెడ్డెమ్మ పాదాలు తాకాడు. ఆమె ఉలిక్కిపడి వెనక్కి గెంతింది.

"ఇది తప్పు కాదా సార్?" అన్నాను.

"మనుషులకు వంగొచ్చు పుల్లయ్యా. మా మూలపురుషుడు అబ్రహామూ వంగాడు."

"వంగింది చాల్లే," అంది రెడ్డెమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "ఆ రొయ్యలు ఒలుచుపోన్నా. రేపటికి గూడా ప్రాణం నిలుపుకోవల్ల గదా."