కొక్కేనికి వేసిన బిళ్ల

ఎవరినో అనడమెందుకు, ఆ ఇత్తడి బిళ్లను కొక్కేనికి తగిలించింది ఎల్లన్నే. బొగ్గుగని లాంపురూములో ముప్పై ఏళ్లు లైట్లు ఇచ్చి పుచ్చుకున్న చెయ్యి మరి, ఊరుకుంటుందా!

గోదావరిఖనిలో కవి స్తెఫను బతికిన పాత క్వార్టరును మ్యూజియం చేశారు. గనిలో పనిచేస్తూనే కవితలు కట్టినవాడాయన. ముందుగది గోడల నిండా ఆ కవితలే. వెనకగదిలో సమ్మెల నాటి ఫొటోలు, కరపత్రాలు, ఆయన చెవికి ఆనించుకుని వార్తలు వినే రేడియో. నడిమి గదిలో ఆయన భార్య దాచి పంపిన హెల్మెట్, బూట్లు, తలలైటు, నంబరు చెక్కిన బిళ్ల. ఆ గది సర్దే పని ఇన్‌చార్జి రాజకుమారి మేడం ఎల్లన్నకు అప్పజెప్పింది. స్తెఫనంటే అతనికి పంచప్రాణాలు. కొత్త కవిత ఏది కట్టినా లాంపురూము కిటికీ దగ్గర మొదట విన్నది అతనే. లైటు బల్లమీద పెట్టాడు, బిళ్ల కొక్కేనికి వేశాడు, మీసం దువ్వుకున్నాడు.

ప్రారంభోత్సవానికి స్తెఫను భార్య సుసన్నా వచ్చింది. రిబ్బను కత్తిరించింది. గోడమీది కవితలను వేలితో తడుముతూ చదువుకుని మురిసిపోయింది. నడిమి గది గడపలో మాత్రం ఆమె ముఖం మాడిపోయింది. గిరుక్కున తిరిగి అరుగుమీద కూలబడింది.

భోజనాలు వడ్డించారు. ఒక్క ముద్దన్నా తినమని మేడం బతిమాలింది.

"నాకొద్దు బిడ్డా. నన్ను ఇంటికాడ దింపుండ్రి. ఇగ మళ్ల రాను."

ఎల్లన్న పరుగున వచ్చాడు. "ఏమైంది వదినె? అన్నకేం తక్కువ చేసినం?"

"తక్కువ చేసుడు కాదు, మళ్ల గనిలకు దింపినవ్ గదా! ఆయన పైకి రాంది ఏనాడన్న నా నోట్ల మెతుకు దిగిందా? రిటైరైన నాడు ఆ బిళ్ల నా చేతిల పెట్టి, 'ఇగ ఫికర్ లేదు సుసన్నా' అన్నడు. ఇంట్ల, నా ఒళ్లె పానం ఇడిసిండు, అదే చాలనుకున్న. ఇయ్యాల చూస్తే బిళ్ల కొక్కేనికున్నది!"

ఎల్లన్న నాలుక కరుచుకున్నాడు. గనిలోకి దిగేవాడు బిళ్ల ఇచ్చి లైటు తీసుకుంటాడు, పైకొచ్చాక లైటు ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. బిళ్ల కొక్కేనికి వేలాడుతోందంటే మనిషింకా లోపలే. దిగేవాడికి ఇచ్చినట్టే లైటు బల్లమీద పెట్టేసరికి పాడు చెయ్యి అలవాటు కొద్దీ బిళ్ల తగిలించింది. తన నెత్తిన తానే ఠపీమని మొట్టుకున్నాడు.

"అంతేనా? తీసి పక్కన పెట్టేద్దాం," అంది మేడం.

"ఊకె ఎట్ల తీస్తం మేడం? లైటు అప్పజెప్పంది బిళ్ల ఇయ్యం!"

సుసన్నాను చెయ్యి పట్టి నడిపించుకెళ్లి, తలలైటు ఆమె చేతుల్లో పెట్టాడు. తాను బల్లకు అవతల నిలబడ్డాడు. ఆమె లైటు అందించింది. అతను అందుకుని, కొక్కెం నుంచి బిళ్ల తీసి ఆమె అరచేతిలో పెట్టి, వెనకటి గొంతుతో కేకేశాడు.

"స్తెఫను... పైకొచ్చిండు!"

ఆమె బిళ్లను గుండెకదుముకుని భోరుమంది. పాపం, ఎల్లన్నకూ ఏడుపు ఆగలేదు. ఆ బిళ్ల మళ్లీ అడిగే ధైర్యం మేడంకు లేకపోయింది. కొక్కేన్ని ఖాళీగానే ఉంచమంది.

సుసన్నా కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎల్లన్నా, అన్నం పెట్టుమను. ఆకలైతాంది."