ఎంజైము లేని నాళిక

సాయంత్రం ఐదింటిలోగా జవాబు పంపాలి. జీవరసాయనశాస్త్రంలో పీహెచ్‌డీకి బుల్లికి రెండు విశ్వవిద్యాలయాలు చోటిచ్చాయి. ఒకదానికి సరేనంటే రెండోది చేజారుతుంది. అమ్మ నడిపే దంతవైద్యశాలలో, రోగులు వేచి ఉండే గదిలో, ఆ పిల్ల కుర్చీలు మారుతూ, కిటికీ తెరుస్తూ మూస్తూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నది.

"కాస్త కూర్చోవే, నిన్ను చూస్తుంటే నాకే కళ్ళు తిరుగుతున్నాయి," అన్నాడు బాబాయి. రసాయనశాస్త్రం బోధించి రిటైరైన మనిషి. రుజువు లేనిదే వాన పడుతోందన్నా నమ్మడని ఇంట్లో ప్రతీతి. "ఇందులో ఆలోచించడానికేముంది? ఒకటి ఊరూపేరూ లేని చోటు. ఇంకోటి దేశమంతా పేరున్న ప్రొఫెసరు, ఆ పెద్దాయన ల్యాబ్. ఆయన దగ్గర డాక్టరేట్ చేసినవాళ్ళంతా ఇవాళ ప్రొఫెసర్లే. ఇంకేం రుజువు కావాలి?"

లోపలి గది తలుపు తెరుచుకుంది. చేతి తొడుగులతోనే అమ్మ తల బయటపెట్టింది. "మీ బాబాయి ఒకళ్ళని మెచ్చుకోవడం నా పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. పంపెయ్యవే!" వెనకనుంచి రోగి ఏదో గొణిగాడు. "మీరు నోరు మూయకండి," అంటూ లోపలికి వెళ్ళిపోయింది.

బుల్లి ఫోను తీసింది, పెట్టేసింది. పోయిన వారం పెద్దాయన ల్యాబ్ చూసివచ్చినప్పటి నుంచీ మనసులో ఏదో ములుకులా గుచ్చుతున్నది. అక్కడ ఒక సీనియర్ విద్యార్థి, ఎంజైము ఎంత చురుగ్గా పనిచేస్తుందో కొలుస్తున్నాడు. మంచు డబ్బాలోని నాళికలన్నిటిలోనూ ఎంజైము ఉంది. ఎంజైము వెయ్యని నాళిక ఒక్కటైనా లేదు. అది లేకపోతే రంగు మారింది ఎంజైము వల్లనో, దానంతటదేనో తేలదు. అడిగితే అతను నవ్వాడు: "దాంట్లో ఏమొస్తుందో సార్‌కి ముందే తెలుసు. టైం వేస్టు."

"బాబాయ్, పెద్దాయన దగ్గర మధ్యలో మానేసినవాళ్ళు ఎంతమంది?"

"నాకేం తెలుసు?"

"మరి పైకొచ్చినవాళ్ళనే చూసి చంకలు గుద్దుకుంటున్నావేం? నీ లెక్కలో ఎంజైము లేని నాళిక ఏది?"

బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. బోధించినన్నాళ్ళూ అతడు విద్యార్థులను దులిపేసింది ఈ తప్పుకే. "కనుక్కో," అన్నాడు గొంతు తగ్గించి.

పెద్దాయన ల్యాబ్ వెబ్‌సైట్లోని పాత ఫొటోలో ఉండి, పట్టా పొందినవాళ్ళలో కనబడని ఒకామెను బుల్లి వెతికి పట్టుకుంది. ఆమె ఇప్పుడు మందుల కంపెనీలో పనిచేస్తున్నది.

"మంచాయనేనమ్మా, కేకలెయ్యరు," అన్నది ఆమె ఫోనులో. "నా ఫలితం ఆయన అనుకున్నదానితో కలవలేదు. మళ్ళీ చెయ్యమన్నారు. కలిసేదాకా చెయ్యమన్నారు. ఇక చెయ్యలేక వచ్చేశాను."

ఫోను పెట్టేశాక బాబాయి అడిగాడు: "సరే, ఆ ఊరూపేరూ లేని చోట మానేసినవాళ్ళనీ అడిగావా?"

"టైమేది?"

"మరి దాన్ని ఎంచుకోవడమూ తప్పు కావచ్చుగా?"

"కావచ్చు. కానీ అక్కడ మొదటి ఏడాదంతా వేరువేరు ల్యాబుల్లో పనిచేశాకే గైడ్‌ని ఎంచుకుంటారు. నాది తప్పయితే నాకు తెలుస్తుంది. పెద్దాయన దగ్గర తెలియనే తెలియదు."

ఊరూపేరూ లేనిదానికే సరేనని బుల్లి జవాబు పంపేసింది.

రోగిని సాగనంపుతూ వచ్చిన అమ్మ, సంగతి విని నెత్తి కొట్టుకుంది. "పక్కనే కూర్చుని మీరేం చేస్తున్నారు మరిదిగారూ?"

"పరీక్ష తప్పాను వదినా."

బుల్లి ఆ మాట వినలేదు. మళ్ళీ కిటికీ తెరిచి, అక్కడే నిలబడి, తాను చేరబోయే చోట మధ్యలో మానేసినవాళ్ళ కోసం ఫోనులో వెతుకుతున్నది.