గుడి పంతులు, బడి పంతులు

జిరాక్సు మిషను మూత దించుతుండగా రామచంద్రం జేబులో ఫోను మోగింది.

"పంతులూ, మా మనవరాలు దీప్తికి అక్షరాలు దిద్దియ్యాలె. జర ఎమ్మటే రా," అంది గోవిందమ్మ.

పంతులని ఆయన్ను పిలిచేది ఇప్పుడు ఆమె ఒక్కతే. పాఠాలు చెప్పిన ప్రైవేటు బడి కరోనాలో మూతపడ్డాక దేవరకొండలో ఈ షాపులో కుదిరాడు. యజమాని షాపును మహబూబ్‌నగర్‌కు మారుస్తున్నాడు. సాయంత్రం బస్సుకు రామచంద్రమూ వెళ్లిపోవాలి.

చేతులకంటిన నల్లపొడి తుడుచుకున్నాడు. పూర్తిగా పోలేదు. బడి నాటి అర బలపం జేబులో వేసుకుని బయలుదేరాడు.

గోవిందమ్మ కోడలు హరిత పీట వేసి, పళ్లెంలో బియ్యం పోసి, కొబ్బరికాయ పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఎదురొచ్చి, మాసిన ప్యాంటుతో వచ్చిన మనిషిని చూసి గడపలోనే ఆగిపోయింది.

"అత్తా, పంతులంటే గుడి పంతులనుకున్న! మంత్రం లేకుంటె ఎట్ల? నా సదువు ఏడో తరగతితోనే ఆగింది. దీనికన్న మంచిగ మొదలుగావాలె."

"నేను బడి పంతులునే పిలిచిన. నీ మొగని చెవులు మెలేసి దిద్దిచ్చింది గీయనే."

"అందుకేనా, ఆయన రాత గట్ల మెలికలు తిరుగుతది!"

రామచంద్రానికి నవ్వొచ్చింది. వెనక్కి తిరిగిపోదామనీ అనిపించింది. చెప్పులు విప్పలేదు.

"ఇద్దరికీ పంతులనే పేరెందుకు?" అంది దీప్తి.

ఆ మాటకు చెప్పులు విడిచాడు. "పండితులు అన్న మాటే నోట్లల్ల నలిగి పంతులైందంటరు బిడ్డా. ఎనుకట పూజ చేసేటోడే చదువు గూడ చెప్పెటోడు. పని రెండైంది, పేరు ఒక్కటే మిగిలింది."

"మరి సారు?"

"గది ఇంగిలీసోళ్లను అడగాలె."

హరిత నవ్వలేదు. "మంత్రం?"

"ఓనమాలంటే ఏందనుకున్నవమ్మా? ఓం నమః. దేవునికి దండం పెట్టుడే. మొదటి అక్షరాలకు గదే పేరైంది."

హరిత పెదవులు కదిలాయి. ఓం నమః. ఓనమః. ఓనమాలు. బడికి పోయిన అన్నేళ్లలో ఆ మాటను ఒక్కనాడూ విప్పి చూడలేదు. పళ్లెం ముందుకు జరిపింది.

ఆయన దీప్తి చూపుడువేలు పట్టి, హరిత వైపు చూశాడు. "నువ్వు గూడ పట్టమ్మా."

మూడు చేతులు కలిసి బియ్యంలో ‘ఓ’ గీశాయి. చివరి మెలిక దగ్గర తల్లి చేయి పక్కకు జారింది. ఆయన సరిచేయలేదు.

"పంతులూ, అన్నం తినిపో," అంది హరిత.

"బస్సు పోతదమ్మా," అన్నాడు, చెప్పులు వేసుకుంటూ.

పొద్దుగూకాక బియ్యం ఎత్తబోయి హరిత ఆగింది. వంకర ‘ఓ’ పక్కన అర బలపం, దాని మీద నల్లటి వేలిముద్ర.